వాపసు తీసుకోని మెడల్

పుంగనూరుకు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక హైస్కూల్లో పురుషోత్తం డ్రిల్లు మాస్టరు. ఇరవై రెండేళ్ళుగా పిల్లల్ని పరిగెత్తిస్తున్నాడు, వాళ్ళతో పాటు తనూ పరిగెత్తుతున్నాడు. తండ్రి శెనక్కాయ చేలల్లో కూలికి పోయి చదివించాడు. ఆ ఇంట్లో నెలజీతం అన్నదాన్ని మొట్టమొదట చూసింది ఇతనే. అదీ పరుగు పుణ్యాన. స్పోర్ట్స్ కోటాలో సీటు, ఆ సీటుతో ఉద్యోగం. అందువల్ల తన కాళ్ళంటే అతనికి కన్నవాళ్ళ తర్వాత అంత గౌరవం.

పోయిన జులైలో, స్టార్టింగ్ ఎట్లా తీసుకోవాలో తొమ్మిదో తరగతి పిల్లలకు చూపిస్తుండగా, కుడికాలి మడమ పైనుండే నరం చురుక్కుమని పట్టేసింది. పురుషోత్తం ఒంటికాలి మీద నాలుగు గెంతులు గెంతి కూర్చుండిపోయాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. అదీ పాఠంలో భాగమే అనుకున్నారు.

మదనపల్లెలో ఎముకల డాక్టరు కాలు అటూ ఇటూ తిప్పి చూసి, నరం తెగలేదు, వాచిందన్నాడు.

“వయసెంత?”

“నలభై ఏడు సార్.”

“అదే మరి,” అన్నాడు డాక్టరు.

మూడు నెలలు పరుగు మానెయ్యమన్నాడు. మెట్టు అంచున ముందరి పాదాల మీద నిలబడి, మడమలు మెల్లగా దించి లేపమన్నాడు. పూటకు నలభై ఐదు సార్లు. మందేం రాయలేదు. పురుషోత్తానికి ఆ చీటీ చూస్తే అవమానంగా అనిపించింది. డిసెంబరులో కుప్పంలో వెటరన్ల పోటీలున్నాయి. నలభై ఐదు దాటినవాళ్ళ ఎనిమిది వందల మీటర్లకు అప్పటికే పేరిచ్చాడు. మెట్టెక్కి దిగితే నయమయ్యే రోగానికి మదనపల్లె దాకా రావడం దేనికనుకున్నాడు.

పాత శిష్యుడు శివకుమార్ ఆ ఊళ్ళోనే జిమ్ము నడుపుతాడు. బస్సుకు టైముందని పురుషోత్తం అక్కడికి కుంటుకుంటూ పోయాడు. శివకుమార్ సార్‌ను బెంచీ మీద కూర్చోబెట్టి కాలు పట్టి చూశాడు. తర్వాత లోపలి గదిలోని చిన్న ఫ్రిజ్జు తెరిచి చిటికెన వేలంత గాజు సీసా తెచ్చాడు. అడుగున చిటికెడు తెల్ల పొడి.

“పెప్టైడు సార్ ఇది. ప్రోటీన్ గోడ అనుకో, ఇది ఇటిక. మన ఒంట్లో ఉండేదాన్ని సూసే చేసినారు. నరం తొందరగా అతుక్కుంటాది. నీళ్ళు కలిపి, ఇన్సులిన్ సూదితో పొట్టకు ఏసుకోవాల.”

“నొప్పి కాలికి కదప్పా, పొట్టకు యాల?”

“యాడికి పోవాల్నో దానికి తెలుసు సార్.”

ఈ మాట పురుషోత్తానికి నచ్చింది. తన దగ్గర చదివిన పిల్లల్లో యాడికి పోవాల్నో తెలిసినవాళ్ళు తక్కువ. నాలుగు సీసాలు ఐసు సంచీలో పెట్టించుకుని పుంగనూరు బస్సెక్కాడు.

పురుషోత్తం భార్య సంగీత ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో పదిహేనేళ్ళ లోపు పిల్లలందరూ ఆమె చేతి సూదికి ఒకసారైనా ఏడ్చినవాళ్ళే. ఇంట్లో ఇట్లాంటి మనిషి ఉండగా బయట ఎవర్నో బతిమాలడం దేనికని పురుషోత్తం సీసా ఆమె చేతికిచ్చాడు. సంగీత కళ్ళద్దాలు తెచ్చుకుని దాని మీది చీటీ మొత్తం చదివింది. సీసాను తిప్పి ఇంకోసారి చదివింది.

“మనుషులకు వాడరాదు అని ఉండాదే.”

“అది ఊరికే రూలుకు రాస్తారంట.”

“మనుషులకు కాకపోతే ఎవురికంట?”

“ఎలకల మీద పరిశోధనకంట. ఎలకలకు బాగా పనిచేసిందంట.”

“చేసిన కంపెనీ పేరు లేదు. ఎప్పుడు చేసినారో లేదు. ఎలకకైనా నేను ఇట్లాంటిది పొడవను. నేను సర్కారు నర్సును,” అని సీసా వాపసిచ్చింది.

పురుషోత్తం ఫోనులో వీడియో పెట్టుకున్నాడు. అందులో ఒక తెల్లదొర చొక్కా ఎత్తి పొట్ట పట్టుకుని నవ్వుతూ సూది వేసుకుంటున్నాడు. పురుషోత్తం చొక్కా ఎత్తడం వరకూ ఆయన చేసినట్టే చేశాడు. తర్వాత సూది పక్కన పెట్టి వీడియో మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. కాసేపు చూసి సంగీత లేచొచ్చింది. స్పిరిటు దూదితో చర్మం తుడిచి, ఎంత పట్టుకోవాల్నో, సూది ఎంత ఏటవాలుగా దించాల్నో వేలు పెట్టి చూపించింది.

“గలీజుగా పొడుచుకుంటే చీము పడ్తాది. అందుకని సూపిస్తాండా. ఒప్పుకున్నట్టు కాదు.”

“కాదులే.”

“డాక్టరు చెప్పిన మెట్టు కూడా ఎక్కాల. లేదంటే ఆ సీసాలు నా ఫ్రిజ్జులో ఉండవు.”

అట్లా ఒప్పందం కుదిరింది. సీసాలు దోసె పిండి గిన్నె పక్కన చేరాయి. పొద్దున సూది, ఆ తర్వాత మెట్టు. సాయంత్రం మళ్ళీ మెట్టు. సంగీత వంటింట్లోంచే లెక్కపెట్టేది. నలభై మూడుకు ఆపితే పేరు పెట్టి పిలిచేది.

అక్టోబరు నాటికి వాపు దిగిపోయింది. సూది చేసిందా, మెట్టు చేసిందా, మూడు నెలలు ఊరికే కూర్చోబెట్టడం చేసిందా అన్నది ఎవరూ చెప్పలేరు. పురుషోత్తం మాత్రం సూదే అన్నాడు. అంతటితో ఆగలేదు. నిద్ర బాగా పడితే సూది వల్లే. జుట్టు తక్కువ రాలితే సూది వల్లే. హాజరు పట్టీలో తన దస్తూరీ కుదిరిందని కూడా ఒకరోజు సంగీతకు తెచ్చి చూపించాడు. మడమ బాగైనా సూది మానలేదు. సీసాలు అయిపోతే మళ్ళీ తెచ్చాడు. పోటీ రోజు పొద్దున కూడా వేసుకునే బస్సెక్కాడు.

కుప్పంలో కాలేజీ గ్రౌండులో ఆ రోజు ఎండ బాగా కాసింది. ఎనిమిది వందల మీటర్లకు పేరిచ్చినవాళ్ళు తొమ్మిది మంది, వచ్చినవాళ్ళు ఐదుగురు. మొదటి రౌండు అయ్యేసరికి ఇద్దరు నడుస్తున్నారు. వెంకటగిరికోట నుంచి వచ్చిన ధనుంజయ అనే పట్టుపురుగుల రైతు చివరి మలుపు దాకా పురుషోత్తం వీపు వెనకాలే ఉన్నాడు. ఆ ఊపిరి చెవికి తగులుతూనే ఉంది. ఆఖరి వంద మీటర్లలో పురుషోత్తం మడమ ఏమంటుందోనని భయపడుతూనే లాగాడు. మడమ ఏమీ అనలేదు. రెండు నిముషాల ఇరవై తొమ్మిది సెకన్లు. ధనుంజయ నాలుగు సెకన్లు వెనక వచ్చి, వంగి మోకాళ్ళు పట్టుకుని, “బలే పోయినావప్పా,” అన్నాడు. సంఘం కార్యదర్శి నారాయణస్వామి, రిటైరైన తహసీల్దారు, మెడ వంచమని మెడల్ వేశాడు.

సోమవారం స్కూల్లో ప్రార్థనప్పుడు హెడ్మిస్ట్రెస్ ఆ మెడల్ ఎత్తి చూపించింది. క్రమశిక్షణ అంటే ఇదీ అంది. పురుషోత్తం నేల చూపులు చూశాడు. అది వినయమని పిల్లలు అనుకున్నారు. ఆయనా అప్పటికి అదే అనుకున్నాడు.

రెండు రోజుల తర్వాత గురుమూర్తి ఇంటికి వచ్చాడు. పాల శీతల కేంద్రంలో ఉద్యోగం. అతని కూతురు వెన్నెల తొమ్మిదో తరగతి, పురుషోత్తం ఇన్నేళ్ళలో చూసిన పిల్లల్లో అందరికంటే బాగా పరిగెత్తే పిల్ల. ఫిబ్రవరిలో జరగబోయే రాష్ట్ర పోటీలకు ఎంపికైంది. పిల్లను వెంటబెట్టుకుని వచ్చాడు గురుమూర్తి. చేతిలో ఐసు డబ్బా కూడా ఉంది.

“సార్, శివకుమార్ జిమ్ము స్టేటస్ సూసినా. మా సారు, నలభై ఏడేళ్ళు, గోల్డు అని మీ ఫోటో పెట్టినాడు. కింద సీసా ఫోటో కూడా పెట్టినాడు. పాపకు మోకాలి కింద ఎముక నొస్తా ఉండాది సార్. మీరేసుకున్న సూదే పాపకూ ఏయించండి. చల్లగా తీసకపోయే పని నాకు తెలుసు. డబ్బా తెచ్చినా.”

పురుషోత్తం ఇద్దరికీ కుర్చీలు వేశాడు. కాదనేదెట్లా? ఆ మందు ఎంత మంచిదో స్టాఫు రూములో అందరికీ చెప్పింది తనే. లోపలి నుంచి సంగీత కాఫీలు తెచ్చి పెట్టి, గడపలోనే నిలబడింది.

తండ్రి ఫోను పట్టుకుని వెన్నెల కూర్చుంది. “సార్, ఆ మందు పేరు కొట్టినాను. ఒక లిస్టు వచ్చింది,” అంది.

“ఏం లిస్టు?”

“ఆటల్లో వాడకూడని మందుల లిస్టు సార్. మీరు మొన్న మాకు క్లాసులో చెప్పినారే, అది. దాంట్లో ఉండాది.” పాఠం చదివినట్టు చదివింది. “మనుషులకు వైద్యంగా ఏ ప్రభుత్వమూ ఒప్పుకోని పదార్థాలు. పోటీలప్పుడూ కూడదు, పోటీలు లేనప్పుడూ కూడదు.”

పురుషోత్తం ఫోను తీసుకుని చూశాడు. సీసా మీది పేరే. ఒక్క అక్షరం తేడా లేదు. ఆ లిస్టు గురించి ఏటా పిల్లలకు ముప్పావు గంట పాఠం చెప్తాడు గానీ, దాన్ని తెరిచి చూడాలని తనకు ఎన్నడూ తట్టలేదు.

“పెద్దోళ్ళకైతే పరవాలేదా సార్?” అంది వెన్నెల. ఎగతాళి కాదు. తెలుసుకుందామనే అడిగింది.

“లేదు. ఎవురికీ కూడదు.”

“మరి మీరు?”

“ఏయ్, సార్‌ను అట్లా అడగచ్చునా?” అని గురుమూర్తి పిల్ల మీద కసురుకున్నాడు.

“అడగనీప్పా,” అన్నాడు పురుషోత్తం. “నేను సూసుకోకుండా ఏసుకున్నానమ్మా. తప్పు. నీకు ఆ సూది వద్దు. రెండు వారాలు పరుగు ఆపు. ఆ బూట్లు అరిగిపోయినాయి, మారుద్దాం. నొప్పి తగ్గకపోతే నేనే డాక్టరు దగ్గరికి పిల్చకపోతా.”

గురుమూర్తికి నమ్మకం కుదరలేదు. సారు తానెక్కిన నిచ్చెననే పక్కకు లాగేస్తున్నాడని అనిపించినట్టుంది. కాఫీ తాగకుండా లేచాడు. వాకిట్లో చెప్పులేసుకుంటూ, “మీ కూతురైతే ఏసుందురు సార్,” అని ఖాళీ డబ్బా బండికి తగిలించుకుని పోయాడు.

వాళ్ళు పోయాక పురుషోత్తం శివకుమార్‌కు ఫోను చేసి స్టేటస్ తీసెయ్యమన్నాడు. “అది ఒక రోజే ఉంటాది సార్, దానంతట అదే పోయింది,” అన్నాడు శివకుమార్. “దాన్ని సూసి నలుగురు వచ్చినారు సార్, మీ దయ.” పురుషోత్తం ఫోను పెట్టేశాడు. ఫ్రిజ్జులో మిగిలిన రెండు సీసాలు తీసి సంగీతకిచ్చాడు. ఆమె వాటిలో బ్లీచింగు నీళ్ళు పోసి, మూత బిగించి, పేరు లేని మందును ఆస్పత్రి చెత్తలో ఏ సంచీలో వేయాల్నో తనకు తెలీదని చాలాసేపు గొణిగింది.

ఆదివారం పొద్దున పురుషోత్తం మెడల్‌ను రుమాల్లో చుట్టుకున్నాడు.

“యాడికి?” అంది సంగీత.

“కుప్పం. ఇది ఇచ్చేసి వస్తా.”

ఆమె లోపలికి పోయి సర్టిఫికెట్టు తెచ్చింది. “ఇదీ తీసకపో. ఒకటిచ్చి ఒకటి పెట్టుకుంటే బాగుండదు.”

పలమనేరులో బస్సు మారి, కుప్పం చేరేసరికి పదకొండయింది. నారాయణస్వామి ఇంటి ముందర చెట్లకు నీళ్ళు పోస్తున్నాడు. చెప్పిందంతా విని, చేతులు తుడుచుకుని, సంఘం మినిట్స్ బుక్కు తెచ్చి కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళు తాలూకాఫీసులో పనిచేసిన మనిషి, కాగితం లేకుండా ఆలోచించలేడు.

“ఫిర్యాదు ఎవురిది?”

“నాదే సార్.”

“ఎవురి మీద?”

“నా మీదే.”

నారాయణస్వామి పెన్ను కింద పెట్టాడు. “అట్ల కుదరదప్పా. ఇచ్చేవాడూ వాడే, ఎదుటివాడూ వాడే అయితే విచారణ ఎట్ల పెట్టేది? టెస్టు చేసినామా? లేదు. ఎవురన్నా సూసినారా?”

“నా పెండ్లాము సూసింది.”

“ఆమె సాక్ష్యం చెల్లదు.”

“నేను నిజం చెప్తాండా కదా సార్.”

“నిజమే చెప్తాండావు. ఈ బుక్కులో దాన్ని రాసే గడి లేదు.” ఆయన గొంతు తగ్గించాడు. “ఇంకో మాట. మనది వెటరన్ల సంఘం. బీపీకి మాత్ర ఏసుకోనోడు ఎవుడుండాడు? ఆ మాత్రల్లో కూడా కొన్ని ఆ లిస్టులో ఉండాయని డాక్టర్లు చెప్తారు. ఈ రోజు నీది వాపసు తీసుకుంటే రేపు అందరూ సంచుల్తో వస్తారు. పెట్టుకునేదానికి నా దగ్గర బీరువా లేదు. రెండో వాడు ధనుంజయ కదా, వెంకటగిరికోట నీ దోవలోనే ఉండాది. అతనికిచ్చుకో. నేను సూడలేదు.”

వెంకటగిరికోట దగ్గర ఊళ్ళో ధనుంజయ షెడ్డు కనుక్కోవడం కష్టం కాలేదు. చుట్టూ మల్బరీ తోట. పురుషోత్తం లోపలికి అడుగు పెట్టబోతే ధనుంజయ లోపలి నుంచి కేకేశాడు. “ఆడ్నే నిలబడప్పా! గడప దగ్గర సున్నం, బ్లీచింగు చల్లింది సూడు. కాళ్ళు దాంట్లో తొక్కి రా. బయటి రోగమేదన్నా వస్తే మొత్తం పురుగు పోతాది.”

పురుషోత్తం కాళ్ళు తొక్కి లోపలికి పోయాడు. పురుగులు ఆకు తినే చప్పుడు చిన్న వానలా ఉంది. నిలబడే విషయమంతా చెప్పి, రుమాలు విప్పి మెడల్ చాచాడు. ధనుంజయ ఆకు పరుస్తూనే విన్నాడు.

“ఆ సూదికి ఎన్ని సెకన్లు తగ్గినాయి?”

“తెలీదు.”

“నువ్వు నాలుగు సెకన్లు ముందొచ్చినావు. సూదికి రెండు తీసెయ్. అప్పుడూ నువ్వే ముందు కదా.”

“ఐదు తీసేస్తే?”

ధనుంజయ ఆగి ఆలోచించాడు. “ఐదైతే నేను ముందు. కానీ ఐదని ఎవురు చెప్పినారు?”

“ఎవురూ చెప్పలేదు.”

“మరి నాకెట్ల ఇస్తావు? నేను ఊరికే తీసుకునే మనిషిని కాదప్పా.” కొంచెం కోపంగానే అన్నాడు. ఇంకో తట్ట ఆకు పరిచాక మెత్తబడ్డాడు. “ఒక పని చేద్దాం. నెల్రోజులు పోనీ. సూది లేకుండా రా. ఈడ స్కూలు గ్రౌండులో ఇద్దరమే పరిగెత్తుదాం. ఎవురు ముందొస్తే వాళ్ళది.”

ఈ నెల్రోజుల్లో పురుషోత్తం చేసినదాంట్లో కష్టమైన పని పరుగు కాదు. మరుసటి సోమవారమే ప్రార్థనలో పిల్లల ముందు నిలబడి, తను వాడింది నిషేధించిన మందని, తెలుసుకోకపోవడం తన తప్పేనని చెప్పాడు. హెడ్మిస్ట్రెస్ ఏం చెయ్యాలో తెలియక జనగణమన ముందుగానే మొదలుపెట్టించింది. స్టాఫు రూములో రెండు రోజులు మాటలు సన్నగా సాగాయి. మూడో రోజు లెక్కల సారు పక్కకు పిలిచి, మోకాళ్ళ నొప్పికి ఆ సూది పనిచేస్తుందా అని అడిగాడు. గురుమూర్తి బజార్లో కనిపిస్తే మొహం తిప్పుకున్నాడు. పిల్లను మాత్రం ప్రాక్టీసుకు పంపడం మానలేదు.

జనవరి ఆఖరి ఆదివారం సంగీత కూడా తోడు వచ్చింది. ధనుంజయ గ్రౌండులో సున్నంతో గీతలు కూడా వేసి ఉంచాడు. సంగీత ఫోనులో గడియారం పెట్టి, పిల్లలకు టీకా వేసే ముందు అనే గొంతుతోనే, “ఒకటి, రెండు, మూడు,” అంది.

మొదటి రౌండు ఇద్దరూ పక్కపక్కనే పోయారు. రెండో రౌండు సగంలో పురుషోత్తానికి మడమ గుర్తొచ్చింది. నొప్పి కాదు, ఉందని తెలిసింది, అంతే. ఆ తెలియడంలో ధనుంజయ ఒక అడుగు ముందుకు పోయాడు, ఆ అడుగు మూడయింది, మూడు ఎనిమిదయింది. పురుషోత్తం ఉన్నదంతా లాగాడు. చాలలేదు.

“నువ్వు రెండు ముప్పై రెండు,” అంది సంగీత ధనుంజయతో. మొగుడి వైపు తిరిగి, “నువ్వు ముప్పై ఐదు,” అంది.

ధనుంజయ ఊపిరి తీసుకుంటూ అనుమానంగా చూశాడు. “కావాలని ఓడినావా?”

“లేదప్పా. నిజంగానే ఓడినా.”

అనేసరికి పురుషోత్తానికి నవ్వొచ్చింది. ఎందుకో తెలియలేదు. గ్రౌండులో చతికిలబడి చాలాసేపు నవ్వాడు. సంగీత నాడి పట్టుకుని చూసింది.

ధనుంజయ మెడల్ తీసుకుని జేబులో వేసుకున్నాడు. సర్టిఫికెట్టు మాత్రం, పేరు నీది కదా, నేనేం చేసుకోనని వద్దన్నాడు. పోయేటప్పుడు సంగీతకు సంచీ నిండా అనపకాయలు ఇచ్చాడు. బస్సులో ఇద్దరూ వాటిని ఒడిలో పోసుకుని పలమనేరు దాకా గింజలు వలిచారు. నానబెట్టి, తొక్క పితికి వండే పితికిపప్పు కూరకు సరిపడా అయ్యాయి.

మర్నాడు ప్రాక్టీసులో వెన్నెల దగ్గరికొచ్చింది. కొత్త బూట్లు, నొప్పి తగ్గి వారమయింది.

“గెలిచినారా సార్?”

“ఓడినా.”

“ఎంతలో?”

“మూడు సెకన్లు. రెండో రౌండులో పోయింది.”

వెన్నెల ఆలోచించింది. “భుజాలు బిగబట్టింటారు సార్. మీరు అలిసిపోతే అట్లే చేస్తారు. నేను సూసినా.”

ఇరవై రెండేళ్ళలో ఈ మాట అతనికి ఎవరూ చెప్పలేదు. భుజాలు ఒకసారి ఎత్తి వదిలి చూశాడు. నిజమే, చెవుల దాకా వచ్చి ఉన్నాయి.

“సరే పద,” అన్నాడు. “పక్కనే పరిగెత్తుతా. బిగిస్తే చెప్పు.”

ఒక రౌండు పూర్తయ్యేలోగా ఆ పిల్ల నాలుగుసార్లు చెప్పింది.